నాలుగున్నర అడుగుల చెక్క

2011లో కేంద్ర ప్రభుత్వం సైబర్ కేఫ్‌లకి నిబంధనలు రాసింది. క్యాబిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య అడ్డం పెట్టే చెక్క నాలుగున్నర అడుగులు దాటకూడదు. క్యాబిన్లు లేనిచోట కంప్యూటర్ తెర బయటివైపుకి తిరిగి ఉండాలి. మైనర్లు పెద్దవాళ్ల తోడు లేకుండా క్యాబిన్‌లో కూర్చోకూడదు. వచ్చిపోయేవాళ్ల రిజిస్టరు కనీసం ఏడాది దాచాలి. అప్పటికి పదేళ్లుగా గుంటూరు బ్రాడీపేటలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. వడ్రంగిని పిలిపించి ఆరడుగుల ప్లైవుడ్ పలకలన్నీ కోయించాను. అతను టేపు పెట్టి కొలిచి, చెవి మీది పెన్సిల్ తీసి గీత గీసి, "ఇంతకీ ఇదంతా ఎందుకు సార్?" అన్నాడు. పిల్లలు చెడిపోకుండా ఉండటానికట అన్నాను. "మావోడు సైకిలేసుకుని ఊరంతా తిరుగుతాడు. వాడికేం కోయాలి?" అన్నాడు.

ఆ సెంటర్ మూసేసి చాలాకాలమైంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక గంటకి ఇరవై రూపాయలిచ్చి నా దగ్గర కూర్చోవాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది. చెక్క మాత్రం పోలేదు. ఇంటింటికీ వచ్చింది. ఇప్పుడు దాన్ని పేరెంటల్ కంట్రోల్ యాప్ అంటున్నారు.

స్కూలు పేరెంట్స్ మీటింగుల్లో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, పొద్దున్నే టీవీలో కూర్చునే నిపుణుల నోట ఒకటే మాట. పిల్లల ఫోన్ మీద కన్నేసి ఉంచండి. వాళ్లకి తెలియకుండా చూడండి. తేడా కనిపిస్తే లాక్కోండి. ఈ మూడూ కలిపితే మంచి తల్లిదండ్రులట. మొదటి మాటతో నాకు పెద్ద పేచీ లేదు. రెండోదీ మూడోదీ మాత్రం పిల్లల్ని కాపాడేవి కావు, పిల్లల మీద వల వేసేవాడికి పని సులువు చేసేవి. ఎందుకంటున్నానో చెప్పేముందు, నేను చేసిన పనొకటి ఒప్పుకోవాలి.

2004 ప్రాంతంలో ఒక పెద్దమనిషి, బ్యాంకు ఉద్యోగి, ఓ రాత్రి సెంటర్ కట్టేసే వేళకి వచ్చాడు. కొడుకు టెన్త్. సాయంత్రం ట్యూషన్ అయ్యాక నా దగ్గర గంట కూర్చుని వెళ్లేవాడు. వాడు కూర్చున్న సిస్టమ్ ఏదో చూపించి, హిస్టరీ తెరిచి పెట్టమని అడిగాడాయన. తండ్రి కదా, తప్పేముంది అనుకున్నాను. క్రికెట్ స్కోర్లు, సినిమా స్టిల్స్, యాహూ చాట్, వాటి మధ్య ఒక చెత్త సైటు, ఒక్కసారి, అదీ నాలుగు నిమిషాలు. ఆయన ఏమీ మాట్లాడకుండా నాకు థాంక్స్ చెప్పి వెళ్లాడు. ఆ రాత్రి వాళ్లింట్లో బెల్టు తెగిందని వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర విన్నాను.

వాడు ఇంటర్నెట్ మానేశాడా? మానలేదు. నా సెంటర్ మానేశాడు. అరండల్‌పేటలో గంటకి ఐదు రూపాయలు ఎక్కువ తీసుకునే ఇంకో సెంటరుండేది, అక్కడ క్యాబిన్లకి కర్టెన్లు. కనీసం నేను అటూ ఇటూ తిరుగుతూ చూసే నా దగ్గర్నుంచి, తెరకే తెర కట్టిన చోటికి వెళ్లిపోయాడు. నా కళ్లెదుట కూర్చునే పిల్లవాణ్ణి ఎవరి కళ్లూ పడని చోటికి తోలింది నేనూ, వాళ్ల నాన్నా కలిసే.

అదే రోజుల్లో ఇంకో కుర్రాడు. నేనెప్పుడూ వాడి హిస్టరీ చూడలేదు. గొప్ప నీతి ఏదో ఉండి కాదు, వాడి కోసం అడిగినవాళ్లు లేరు. ఓరోజు కుర్చీలోంచే తల తిప్పి, "అన్నా, ఒక్కసారి ఇటు రా" అన్నాడు. చాట్‌లో ఎవడో పదిరోజులుగా స్నేహంగా మాట్లాడి, ఇప్పుడు ఇల్లెక్కడో, నాన్న ఎన్నింటికి డ్యూటీకి వెళ్తాడో అడుగుతున్నాడు. పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. ఇద్దరం కలిసి వాణ్ణి బ్లాక్ చేశాం. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు నాకు దొరికింది చెక్క ఎత్తు వల్ల కాదు. నన్ను పిలిస్తే తన్నులు పడవని వాడికి తెలుసు కాబట్టి.

ఇక ఇప్పటి సంగతి. మా చెల్లెలి కూతురు విజయవాడలో ఇంటర్ ఫస్టియర్, పదహారేళ్లు. మా బావ దాని ఫోన్‌లో ఒక యాప్ వేశాడు. రోజూ రాత్రి తొమ్మిదికి ఆయనకి నివేదిక వస్తుంది: ఇన్‌స్టాగ్రామ్ 42 నిమిషాలు, యూట్యూబ్ 31 నిమిషాలు, చదువు యాప్ గంటా పది. ఆయన దాన్ని బ్యాంకు స్టేట్‌మెంట్ చూసినట్టు కళ్లజోడు పైకి నెట్టి చూస్తాడు. ఒక వారం ఇన్‌స్టాగ్రామ్ లెక్క 42 నుంచి 6 నిమిషాలకి పడిపోయింది. "చూశావా, మనం పట్టించుకుంటే ఎలా దార్లోకొచ్చిందో" అని మా చెల్లెలితో అన్నాడట.

ఆ వారమే ఎవడో దాని పేరుతో, దాని ఫోటోతో నకిలీ అకౌంట్ తెరిచాడు. ముఖం దానిదీ, ఒళ్లు ఇంకెవరిదో అయిన బొమ్మ ఒకటి చేసి దానికే పంపాడు. అసలు ఫోటోలు పంపకపోతే ఇది క్లాస్ గ్రూపులో పెడతానన్నాడు. పిల్ల భయపడి ఇన్‌స్టాగ్రామ్ తెరవడమే మానేసింది. ఆరు నిమిషాలు అంటే అది. దార్లోకి రావడం కాదు, దారి మూసుకుపోయి కూర్చోవడం. తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. పదో రోజు నాకు ఫోన్ చేసి, ముందు మాటగా, "మావయ్యా, నాన్నకి చెప్పనని ఒట్టేయి" అంది. ఎందుకమ్మా అంటే, "ఫోన్ లాగేసుకుంటారు. పైగా నేనేదో చేసే ఉంటాను అంటారు" అంది.

ఒట్టు వేయలేదు. అబద్ధం చెప్పి ఆ పిల్ల నమ్మకం ఇంకోసారి పోగొట్టడం ఇష్టం లేదు. అయితే బావకి నేనే చెప్తాను, ఫోన్ నీ చేతిలోంచి పోకుండా చూస్తాను అన్నాను. ఆ రాత్రి బస్సెక్కి వెళ్లాను. ఆ మెసేజీలన్నిటికీ, ఆ అకౌంట్ పేరుకీ ముందు స్క్రీన్‌షాట్లు తీశాం. చాలామంది కంగారులో చాట్ డిలీట్ చేసేస్తారు, సాక్ష్యం దాంతోపాటే పోతుంది. తర్వాత నకిలీ అకౌంట్ అని రిపోర్ట్ చేశాం, ఆ తర్వాతే బ్లాక్. కేంద్ర హోంశాఖ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్త్రీలకీ పిల్లలకీ విడిగా ఒక విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. మేం పేరుతోనే ఇచ్చాం. మూడో రోజుకి ఆ అకౌంట్ పోయింది. ఇన్ని పనుల్లో బావ కొన్న యాప్ చేసిపెట్టింది ఒక్కటీ లేదు. నిమిషాలు లెక్కపెట్టే యంత్రానికి భయం నిమిషాల్లో కనపడదు.

"ఫోన్ లాగేసుకుంటారు" అన్న మాట దగ్గర ఇంకాసేపు ఆగాలి. పిల్లల్ని బెదిరించి ఫోటోలో డబ్బులో గుంజేవాడు నడిచేదే ఆ మాట మీద. పిల్ల ఇంట్లో చెప్పదు అన్నదొక్కటే వాడి పెట్టుబడి. చెప్పిన క్షణం వాడి వ్యాపారం దివాలా. ఆ పెట్టుబడి వాడికి ఉచితంగా సమకూర్చి పెడుతున్నది ఎవరు? "ఏదైనా తేడా కనపడిందా, ఫోన్ పగలగొడతా" అని టెన్త్ నుంచీ రోజూ అప్పజెప్పే మనమే. దొంగకి ఇంటి తాళాలు మనమే ఇచ్చి, ఇంట్లో పిల్లని చీకట్లో కూర్చోబెట్టి, గుమ్మం బయట కెమెరా పెట్టుకుని చూస్తున్నాం.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు, నెట్ సెంటర్ బల్ల దగ్గరే సగం విన్నాను. పిల్లలకి ప్రైవసీ ఏంటండీ, ఖర్చు పెట్టేది మనమైనప్పుడు చూసే హక్కు మనకి లేదా అంటారు. హక్కు సంగతి నేను మాట్లాడటమే లేదు. హక్కున్నా పనికొస్తుందా అని అడుగుతున్నాను. అడగకుండా డైరీ తెరిచిన తల్లికి కూతురు ఆ తర్వాత రాసిన డైరీ దొరకదు. ఇప్పుడు డైరీ అంటే కాలిక్యులేటర్ బొమ్మతో కనపడి, లోపల ఫోటోలు దాచుకునే యాప్. కూడిక, తీసివేత కూడా చేస్తుంది, అనుమానం రాకుండా. రెండో అకౌంట్, స్నేహితురాలి ఫోన్, పిన్ని పాత ఫోన్ ఉండనే ఉన్నాయి. అరండల్‌పేట కర్టెన్ ఇప్పుడు ఊరంతా కట్టి ఉంది, పైగా ఉచితం.

నిఘా వేసేది ఎవరు అన్నది కూడా చూడండి. అమెరికాలో టీన్‌సేఫ్ అనే యాప్ ఉండేది. పిల్లల మెసేజీలు, వాళ్లెక్కడున్నారు, ఏం చూస్తున్నారు, అన్నీ తల్లిదండ్రులకి చూపించడం దాని పని. అది పనిచేయాలంటే పిల్లల ఫోన్‌లో రెండంచెల రక్షణ తీసేయాలి. 2018 మేలో దాని సర్వర్లు పాస్‌వర్డ్ కూడా లేకుండా నెట్‌లో తెరిచి ఉన్నాయని బయటపడింది. పిల్లల ఆపిల్ అకౌంట్ల పాస్‌వర్డ్‌లు ఎలాంటి రహస్యలిపీ లేకుండా, చదువుకోవడానికి వీలుగా, పదివేల పైచిలుకు రికార్డుల్లో. ఇంకొకడెవడో చూస్తాడేమో అని భయపడి కొన్న వస్తువే అందరికీ చూపించింది. మన దేశంలో 2023 వ్యక్తిగత డేటా చట్టం పిల్లల ప్రవర్తనని కంపెనీలు వెంటాడకూడదని, వాళ్ల మీద గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని రాసింది, కొన్ని మినహాయింపులు ఉన్నా. చట్టం వద్దన్న పనికే మనం ఏడాది చందా కట్టి మరో కంపెనీని పిలిచి కూర్చోబెడుతున్నాం.

అయితే ప్రభుత్వమే మూసేస్తే పోతుంది కదా అనేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ల లోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లు లేకుండా చేసింది, దాని ఫలితం ఇప్పుడే తేల్చలేం. దక్షిణ కొరియా సంగతి తేలిపోయింది. పదహారేళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదని 2011లో చట్టం చేశారు. పిల్లలు అమ్మానాన్నల గుర్తింపు నంబర్లతో ఆడుకున్నారు. పదేళ్లు చూసి 2021లో దాన్ని ఎత్తేయాలని నిర్ణయించారు. కంపెనీల మెడలు వంచే చట్టాలు కావాలి, అందులో నేను ఒకడుగు ముందే ఉంటాను. ఇంట్లో పిల్ల ముఖం చూసే పని మాత్రం చట్టానికి అప్పగించలేం.

"మాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు, మాకేం చేతనవుతుంది" అనేది ఇంకో వర్గం. ఇదైతే గర్వంగా చెప్తారు, మనవడు ఫోన్ అన్‌లాక్ చేసినందుకు మురిసే తాతలాగా. వేలు జరపడం తెలిసినంత మాత్రాన తెలిసినట్టు కాదు. గ్రామీణ భారతంలో చదువుల తీరు చూసే అసర్ సర్వే 2024లో పద్నాలుగు నుంచి పదహారేళ్ల పిల్లల్ని అడిగింది. అంతకుముందు వారంలో సోషల్ మీడియా వాడినవాళ్లు 76 శాతం. అలా వాడేవాళ్లలో ఒక ప్రొఫైల్‌ని బ్లాక్ చేయడమో రిపోర్ట్ చేయడమో తెలిసినవాళ్లు 62 శాతం, తన ప్రొఫైల్‌ని ప్రైవేట్‌గా పెట్టుకోవడం తెలిసినవాళ్లు 55 శాతం, పాస్‌వర్డ్ మార్చడం తెలిసినవాళ్లు 58 శాతం లోపు. అంటే పదిమందిలో నలుగురికి తలుపు గడియ ఎక్కడుందో తెలీదు. గడియ పెట్టడం నేర్పడానికి సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కానక్కర్లేదు. పక్కన కూర్చుని, ఇద్దరూ వెతికితే పది నిమిషాల్లో దొరుకుతుంది. నాకు తెలీదు, నువ్వు చూపించు అని అడిగిన తండ్రికి పిల్లలు చూపించకుండా ఉండటం నేనైతే చూడలేదు.

ఆ సర్వేలోనే ఇంకో లెక్క ఉంది. ఫోన్ వాడటం వచ్చిన ఆ వయసు పిల్లల్లో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 36 శాతం, అమ్మాయిలు 27 శాతం. నిఘా కూడా ఈ లెక్కలోనే నడుస్తుంది, తలకిందులుగా. కొడుకు గదిలో తలుపేసుకుని రెండింటిదాకా ఆడితే "వాడి రోజులు" అంటారు. కూతురి ఫోన్‌లో ఒక అబ్బాయి పేరు కనపడితే ఇల్లంతా లేస్తుంది. చాలా ఇళ్లలో పిల్లల భద్రత అన్న మాటకి అర్థం ఆడపిల్ల ఎవరితో మాట్లాడుతోంది అన్నదే. ఆ భయాన్ని భద్రత పేరుతో అమ్మే యాప్‌కి అంత గిరాకీ అందుకే.

మన దగ్గర ఇంకో వింత. రెండేళ్లు ఇంటర్ హాస్టల్లో పెట్టి, ఫోన్ ముఖమే చూపించకుండా, ఆదివారం వార్డెన్ ఫోన్‌లో మూడు నిమిషాలు ఇంటికి మాట్లాడనిచ్చి, బీటెక్‌లో చేరిన రోజున ఇరవై వేల ఫోన్ చేతిలో పెడతాం. ఈత నేర్పకుండా రెండేళ్లు గట్టు మీద కట్టేసి, మూడో ఏడు కృష్ణలోకి తోసినట్టు. ఇంకోపక్క స్కూలు ఆరో తరగతి హోంవర్క్ వాట్సాప్‌లో పంపుతుంది, మళ్లీ తనే పిల్లవాడు ఫోన్ వదలట్లేదని మీటింగ్ పెడుతుంది.

చిన్నపిల్లల సంగతి వేరు కాదా అంటారు. వేరే. ఆరేళ్లవాడికి ఫోన్ ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోతే తప్పు మనది. కంప్యూటర్ హాల్లో పెట్టండి, రాత్రి తొమ్మిదికి అందరి ఫోన్లూ ఒకే చార్జింగ్ పాయింటు దగ్గర పెట్టండి, పెద్దవాళ్లవి కూడా. గూగుల్ ఫ్యామిలీ లింక్ లాంటివి వాడాలనుకుంటే వాడండి, అవి పిల్లవాడి ఫోన్‌లో కనపడుతూనే ఉంటాయి, ఉన్నాయని వాడికి చెప్పి వాడండి. నా పేచీ దొంగచాటు చూపుతోనూ, ఫోన్ లాక్కునే బెదిరింపుతోనూ. పదేళ్ల పిల్లవాడి పక్కన కూర్చోవడం, పదహారేళ్ల పిల్ల వెనకాల నక్కి చూడటం ఒకటే అనుకునేవాళ్లతోనూ.

మన భాషలో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటం అంటే ఆకలైందా, ఒంట్లో బాగుందా, ముఖం వాడిందా చూసుకోవడం. మా అమ్మ ఆ మాట రోజుకి పదిసార్లు వాడేది. అందులోంచి 'కుని' తీసేసి, ఉత్త కనిపెట్టడం మిగిల్చుకున్నాం. మా మేనకోడలు తొమ్మిది రోజులు అన్నం సరిగా తినలేదు. మా చెల్లెలు పరీక్షల బెంగ అనుకుంది. యాప్ లేని కాలంలో అయితే ఏదో జరిగిందని పళ్లెం చూసి అడిగి ఉండేది. చెవిలో చెప్పేవాడు ఒకడు ఉన్నాడన్న ధీమా కళ్లని బద్ధకస్తుల్ని చేస్తుంది. నెట్ సెంటర్లోనూ అంతే, చెక్క కోయించాక నేను కౌంటర్లోంచి లేవడం తగ్గించాను, అన్నీ కనపడుతున్నాయి కదా అని.

మళ్లీ ఏదైనా జరిగితే పిల్ల ఇంట్లో చెప్పగలిగేలా ముందే ఏం ఒప్పుకోవాలో మొన్న బావ ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. పిల్లే రెండు షరతులు పెట్టింది: చెప్పిన రోజు ఫోన్ తీసుకోకూడదు, చెప్పిన రోజు ఎవరి తప్పో అడగకూడదు, తెల్లారాక అడగొచ్చు. బావ మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నాడు. రెండోదానికి చాలాసేపు కాళ్లు ఊపుతూ కూర్చుని, సరే తెల్లారాకే అన్నాడు. వచ్చేముందు యాప్ తీసేయమని అడిగాను. ఏడాదికి డబ్బు కట్టేశాను, మార్చి దాకా ఉండనీ అన్నాడు. ఫోన్‌లో అది ఉన్న సంగతి మాత్రం ఆ రోజే కూతురికి చెప్పాడు. "తెలుసు నాన్నా, దసరా నుంచీ తెలుసు" అంది.